సింగపూర్ వెళ్ళే తమ్ముడికి ఆటోనగర్ అన్న సలహాలు

తమ్ముడూ, సింగపూర్‌లో హెవీ డ్రైవరుగా నీకు అప్రూవల్ కాగితం వచ్చిందని మీ బాబాయి ఆటోనగర్ టీ కొట్టు దగ్గర పదిమందికీ వినబడేలా చెప్పాడు. శుభం. అక్కడికి వెళ్ళి, బండెక్కి, ట్రైనింగు పూర్తికాకముందే గౌరవంగా తిరిగొచ్చినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే. అందుకని నీకు నాలుగు మంచిమాటలు చెప్పే బాధ్యత నామీద పడింది. యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళని నమ్మకు. వాళ్ళంతా ఇంకా అక్కడే ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఉద్యోగం ఎలా పోతుందో వాళ్ళకేం తెలుసు?

ముందు నీ విలువ నువ్వు తెలుసుకో. ఇన్నాళ్ళూ మనవాళ్ళకి సింగపూర్ వర్క్ పర్మిట్ అంటే బిల్డింగు పనో, షిప్‌యార్డో, రిఫైనరీ పనో. లారీ కంపెనీలు ఆ పర్మిట్ మీద డ్రైవర్లని తెచ్చుకోవాలంటే మలేసియా, చైనా వైపు చూడాల్సిందే. 2025 సెప్టెంబరు 1 నుంచి హెవీ డ్రైవర్లని కూడా మనలాంటి దేశాలవాళ్ళని పెట్టుకోదగ్గ పనుల జాబితాలో చేర్చి మనకి తలుపు తీశారు. నెలకి 2,000 డాలర్లకి తగ్గకుండా ఇవ్వాలని షరతు. మన లెక్కలో లక్షా ముప్పై వేలు పైమాటే. ఈ జాబితా కింద ఏ కంపెనీ అయినా తన సిబ్బందిలో నూటికి 8 మందిని మించి పెట్టుకోకూడదు. పైగా నీ పేరున ఓనరు ప్రభుత్వానికి 5,000 డాలర్ల బాండు రాసిస్తాడు. ఇంత తతంగం చేసి తెచ్చుకున్నవాణ్ణి ఎవడైనా వదులుకుంటాడా? కాబట్టి మొదటిరోజు నుంచే కొంచెం బిగుసుకుని ఉండు. అవసరం వాళ్ళది.

కాగితాల జోలికి పోకు. ఆ అప్రూవల్ లెటర్లో ఏ పని, జీతం ఎంత, కోతలు ఎంత అని వరసగా రాసి ఉంటుంది. చదివితే లేనిపోని అనుమానాలు. ఒరిజినల్ ఏజెంటు దగ్గరే ఉంచు, భద్రంగా ఉంటుంది. మన మండలంవాడు, మీ పిన్నిగారికి వరసకి తమ్ముడవుతాడు, డబ్బు ఇచ్చేటప్పుడు రసీదు అడిగితే ఏం బాగుంటుంది చెప్పు? సింగపూర్‌లో లైసెన్సున్న ఏజెన్సీ అయితే కాంట్రాక్టులో ఏడాదికి ఒక నెల జీతం చొప్పున, ఎంత లాగినా రెండు నెలల జీతం మించి పుచ్చుకోకూడదట. ఆరు నెలల్లోపు ఓనరే తీసేస్తే అందులో సగం వెనక్కి ఇవ్వాలట. ఈ ముక్క నాకు ఒక బంగ్లాదేశ్ కుర్రాడు చెప్పాడు, అదీ నేను తిరుగు విమానం ఎక్కే ముందురోజు. రసీదు లేనివాడికి రూలు తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే. అందుకే తెలుసుకోవద్దంటున్నాను.

అనుభవం సర్టిఫికెట్ మాత్రం ఘనంగా ఉండాలి. నువ్వు రెండేళ్ళు క్లీనరుగా, ఏడాదిన్నర డ్రైవరుగా చేశావు. దాన్ని పదేళ్ళు ట్రైలరు తోలినట్టు మన ట్రాన్స్‌పోర్టు లెటర్‌హెడ్ మీద రాయించుకో. ముద్ర నా దగ్గరుంది. తప్పుడు వివరాలిచ్చి పర్మిట్ తెచ్చుకుంటే 20,000 డాలర్ల దాకా జరిమానా, రెండేళ్ళ దాకా జైలు అని చట్టంలో ఉందంటారు. ఉంటే ఉంది. పదేళ్ళ అనుభవమని రాసుకున్నవాణ్ణి మొదటిరోజే ట్రైలరు రివర్సు చెయ్యమంటారు, అదొక్కటే ఇబ్బంది.

ఇక పరీక్షలు. మన హెవీ లైసెన్సు చూపించి దర్జాగా తోలుకోవచ్చనుకుంటావు. కానీ డ్రైవరు పనికి వచ్చినవాడు ఆరు నెలల్లోపు అక్కడి లైసెన్సు తెచ్చుకోవాలి. బేసిక్ థియరీ, ఫైనల్ థియరీ, ఆపైన బండి మీద పరీక్ష. కారుకిచ్చే క్లాస్ 3 చేతికొస్తేగాని లారీకిచ్చే క్లాస్ 4 మాట లేదు. లారీ తోలేవాణ్ణి కారు పరీక్షకి కూర్చోబెట్టడం ఎంత అవమానమో ఆలోచించు. ఆ అవమానాన్ని నువ్వు చదవకుండా ఎదుర్కోవాలి. బేసిక్ థియరీలో 50 ప్రశ్నలు, 45 కరెక్టు కావాలి. ఇంగ్లీషు, చైనీసు, మలయ్, తమిళం ఉన్నాయి, తెలుగు లేదు. తమిళం పెట్టుకో. చిన్నప్పటినుంచీ రజనీకాంత్ సినిమాలు చూస్తున్నాం, ఆ మాత్రం రాదా? స్క్రీను మీద అక్షరాలు చూశాక రాదని తేలుతుంది. అది వేరే విషయం. ఫెయిలైతే మళ్ళీ తేదీ దొరికేదాకా ఆగాలి. ఆరు నెలలు చాలా పెద్ద గడువు, మొదటి మూడు నెలలూ సీరియల్స్ చూసుకో.

బండి పరీక్షలో తప్పుకి ఇన్ని పాయింట్లని వేస్తూపోతారు. 18 దాకా పాసు, దాటితే ఇంటికి. ఫుట్‌పాత్ అంచు ఎక్కితే పాయింట్ల లెక్క కూడా లేదు, అక్కడికక్కడే ఫెయిలు. మన బెంజ్ సర్కిల్లో డివైడర్ ఎక్కించి తిప్పినవాళ్ళం, మనకి అంచులేమిటి? లేన్ మారేముందు అద్దం చూసి, ఆ తర్వాత భుజం మీదుగా తల తిప్పి మరీ చూడాలట. దాన్ని బ్లైండ్ స్పాట్ అంటారు. అద్దం ఎందుకు పెట్టారని నేను ఎగ్జామినర్నే అడిగాను. ఆయన ఏమీ అనలేదు, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

తమ్ముడూ, అసలు కథంతా ట్రైనరుతోనే. కొత్తవాణ్ణి కొన్నాళ్ళు ఒక సీనియర్ డ్రైవరు పక్కన కూర్చోబెడతారు. నాకు దొరికినాయన చైనీస్ పెద్దమనిషి. వయసులో పెద్దవాళ్ళని అక్కడ అందరూ అంకుల్ అంటారు. నువ్వు అనకు, చనువిస్తే నెత్తికెక్కుతాడు. ఆయన ఇంగ్లీషులో రెండే మాటలు: క్యాన్, కెనాట్. ఏం చెప్పినా నువ్వు మన పద్ధతిలో తల అటూ ఇటూ ఊపు. మనకి అది సరేనని అర్థం. ఆయనకి ఒప్పుకోవడంలేదని అర్థమవుతుంది. రెండుమూడు సార్లు చెప్పి ఊరుకుంటాడు. అర్థంకాకపోతే మళ్ళీ అడగడం మాత్రం చెయ్యకు. అడిగితే రాదని తెలిసిపోతుంది. నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చివర్లో ఆఫీసువాళ్ళు నామీద రాసిన రిపోర్టులో మొదటి లైను అదే.

పొద్దున్నే బండి చుట్టూ తిరిగి టైర్లు, లైట్లు, గాలి గొట్టాలు, ట్రైలరు లింకు అన్నీ చూడాలంటాడు. చూసి ఒక ఫారం నింపాలి. ఫారం ముందురోజు రాత్రే నింపి పెట్టుకో, టైము కలిసొస్తుంది. టైరు కింద నిమ్మకాయ మాత్రం మర్చిపోకు. టెక్కా మార్కెట్లో దొరుకుతాయి. నేను పెడితే అంకుల్ కిందకి దిగి, దాన్ని చేత్తో తీసి, అదే టైరుకి ఉన్న కోతని వేలితో చూపించాడు. దిష్టి తగిలిందంటే నమ్మడు మరి.

రివర్సు దగ్గర నీ మగతనం తెలియాలి. ట్రైలరు రివర్సులో స్టీరింగు కుడికి తిప్పితే తోక ఎడమకి పోతుంది. కొంచెం తిప్పడం, తోక కదలగానే సరిచెయ్యడం, అనుమానం వస్తే ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి చూసుకోవడం. అక్కడివాళ్ళు చేసేదింతే. ఎన్నేళ్ళ సర్వీసున్నవాడైనా దిగి చూస్తాడు, సిగ్గులేకుండా. మనకి వెనకాల క్లీనరు బండి తడుతూ “రానీ రానీ” అంటేనే అలవాటు. క్లీనరు లేడుగా అని ఆగిపోకు. తలుపు తీసి, సగం బయటికి వేలాడుతూ ఒంటిచేత్తో తిప్పు. నేను నందిగామ దగ్గర ఇరుకు గోడౌన్లో అలాగే పెట్టేవాణ్ణి. అక్కడ గోడ మట్టిది, ఇక్కడ కాంక్రీటుది. ఆ ఒక్క తేడా గమనించుకో.

కంటెయినరు నాలుగు మూలలా ట్రైలరుకి ట్విస్ట్ లాకులుంటాయి. రోడ్డెక్కేముందు నాలుగూ బిగించాలి, లేకపోతే మలుపులో పెట్టె జారిపోతుంది. పోర్టులో క్రేను ఎత్తేముందు నాలుగూ వదిలించాలి, లేకపోతే పెట్టెతోపాటు ట్రైలరు కూడా పైకి లేస్తుంది. రోజుకి ఇన్నిసార్లు దిగి బిగించి, మళ్ళీ దిగి వదిలించి, ఏమిటీ చాకిరీ? మూడు వదిలిస్తే నాలుగోది అదే వస్తుందని నా నమ్మకం. క్రేను ఆపరేటరుకి ఆ నమ్మకం లేదు. పైనుంచి మైకులో ఏదో అరిచాడు. చైనీసులో కనక నేను పట్టించుకోలేదు.

ఎత్తు లెక్క కూడా అంతే. హై క్యూబ్ కంటెయినరు 2.9 మీటర్లు, దానికి కింద ట్రైలరు ఎత్తు కలుపుకోవాలి. మొత్తం 4.5 మీటర్లు దాటితే ఎస్కార్టు లేకుండా రోడ్డెక్కకూడదు. ఈ లెక్కలు కాలేజీవాళ్ళకి. బ్రిడ్జి కింద నుంచి పడుతుందో లేదో డ్రైవరుకి కంటిచూపుతో తెలియాలి. తెలియకపోతే చప్పుడుతో తెలుస్తుంది.

పోర్టు గొప్ప చూసి హడలిపోకు. 2024లో ఇరవై అడుగుల పెట్టెల లెక్కన 4.1 కోట్ల పైచిలుకు అక్కడ చేతులు మారాయట. అన్ని పెట్టెలున్నచోట డ్రైవరు లేకపోతే దేశం ఆగిపోదా అని నేను అంకుల్‌తో అన్నాను. అందులో చాలా భాగం ఒక ఓడ దిగి ఇంకో ఓడ ఎక్కేదేగాని రోడ్డుమీదికి రాదని ఆయన చేతులు తిప్పుతూ చెప్పాడు. అదీగాక 2022లో ప్రారంభించిన తువాస్ పోర్టు లోపల డ్రైవరు లేని బండ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. 2040ల నాటికి పోర్టులన్నీ అక్కడికే మారుస్తారట, ఏడాదికి 6.5 కోట్ల పెట్టెలు తట్టుకునేలా. డ్రైవరు లేని బండి ప్రశ్నలు అడగదు, నిజమే. నేనూ అడగలేదుగా!

రోడ్డు మీద మన మర్యాద మనం నిలబెట్టుకోవాలి. హారన్ కొట్టకుండా బండి తోలడం ముందువాణ్ణి లెక్కచెయ్యకపోవడమే. వాళ్ళు అలా అనుకోరు, వెనక్కి తిరిగి వింతగా చూస్తారు. 12 టన్నులు మించిన లారీకి 60 దగ్గర స్పీడు లిమిటరు బిగిస్తారు. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎడమ లేన్లోనే పోవాలి. దారిలో దాబా లేదు, నులకమంచం లేదు. ఏవైఈ అనే ఎక్స్‌ప్రెస్‌వే మీద పోతుంటే పక్కన ఆపి టీ తాగుదామని అంకుల్‌ని అడిగాను. ఆయన మొహం చూసి ఇంకోసారి అడగలేదు. సాయంత్రం బండి రూము దగ్గర రోడ్డు పక్కన పెడదామన్నా కుదరదు. హెవీ బండికి పార్కింగ్ చోటు ఫలానా అని సర్టిఫికెట్ ఉండాలి, అక్కడే పెట్టాలి. నువ్వు మాత్రం రూము కిందే పెట్టు. ఫొటో తీసి ఇంటికి పంపించుకోవాలి కదా.

ఫోను సంగతి జాగ్రత్తగా విను, ఇందులో లెక్క ఉంది. కొత్తగా లైసెన్సు వచ్చినవాడికి మొదటి ఏడాది ప్రొబేషన్. అద్దం మీద నారింజరంగు త్రిభుజం అంటించుకోవాలి. పీకెయ్, పెళ్ళిచూపులకి ఫొటోలో బాగుండదు. ఆ ఏడాదిలో 13 పాయింట్లు పడితే లైసెన్సు రద్దు, మళ్ళీ మొదటినుంచి పరీక్షలు. డ్రైవింగులో ఫోను చేత్తో పట్టుకుంటే 12 పాయింట్లు. అంటే ఒక్కసారి మాట్లాడినా ఇంకా ఒక పాయింటు మిగిలే ఉంటుంది! కాబట్టి మీ ఆవిడ ఫోను చేస్తే ఎత్తు. సీటు బెల్టు పెట్టుకోకపోతే 3 పాయింట్లేగా అనుకుంటాం, రెండూ ఒకే వారంలో రాకుండా చూసుకో.

పోలీసు ఆపితే మన పద్ధతే. లైసెన్సు మడతలో యాభై డాలర్ల నోటు పెట్టి ఇవ్వు. మన బ్రేకు ఇనస్పెక్టరుకి ఎన్నిసార్లు ఇవ్వలేదు? అక్కడ లంచం ఇవ్వజూపినా నేరమే, లక్ష డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు. దానికోసమే 1952 నుంచీ ఒక శాఖ ఉంది. నేను మాత్రం ఇవ్వలేదు. ఆపిన రోజున జేబులో యాభై లేదు, ఉండి ఉంటే నీకు ఈ సలహా ఇవ్వడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టేది.

ఆదివారం లిటిల్ ఇండియా వెళ్ళు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల ఉంది, ముందు దణ్ణం పెట్టుకో. తర్వాత మనవాళ్ళు కలుస్తారు, కబుర్లు, సీసాలు. మందు లిమిట్ ఇక్కడ వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అక్కడ 80. అంటే ఇక్కడికన్నా రెండింతల పైన తాగొచ్చని ప్రభుత్వమే చెబుతోంది! సోమవారం తెల్లవారుజామున డ్యూటీ ఉన్నా ఫరవాలేదు, నిద్రపోతే దిగిపోతుంది. దిగకపోతే మొదటిసారికే పదివేల డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. కంపెనీ అయితే అంతదాకా ఆగదు. యార్డు గేటు దగ్గర నోరు వాసన వచ్చిందంటే తాళాలు ఇవ్వరు.

ట్రైనింగులో ఓవర్‌టైము ఉండదు, చెయ్యి ఖాళీ. రూములో ఎవడో ఒకడు ఫుడ్ డెలివరీ అకౌంటు అద్దెకిస్తానంటాడు. తీసుకో. పర్మిట్ ఒక ఓనరు పేరున ఉంటే ఆ పనే చెయ్యాలి, ఇంకోటి చేస్తే 20,000 డాలర్లు, రెండేళ్ళు అని మళ్ళీ అదే పాట. సూపర్‌వైజరు ఆకలేసి ఆర్డరు పెట్టుకుంటే ఆ పొట్లం నీ చేతికే వస్తుందని ఎవరనుకుంటారు?

బండికి గీత పడిందనుకో, చెప్పకు. మట్టి పూసెయ్. బయటపడితే వాళ్ళు ఒక కాగితం తెస్తారు, సంతకం పెట్టెయ్, ఏముందో చూడకు. నష్టానికి జీతంలో కోసుకోవాలంటే ముందు నీ మాట వినాలి, కోసినా ఒక నెల జీతంలో నాలుగో వంతు మించకూడదు అని రూలుంది. అది నీకు తెలుసని వాళ్ళకి తెలిస్తే కాస్త ఆలోచిస్తారు. పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టడం మన సంస్కారం కాదు. పర్మిట్ నిలవాలంటే నెలనెలా ఇంత ఇవ్వమని ఎవరైనా అడిగినా అంతే, నోరుమూసుకుని ఇచ్చెయ్. పుచ్చుకున్నవాడికి 30,000 డాలర్ల దాకా జరిమానా పడుతుందట. పాపం, ఒక పెద్దమనిషికి అంత నష్టం మన నోటివల్ల ఎందుకు?

కోపం వస్తే మాత్రం అణుచుకోకు. నలుగుర్ని పోగేసి డ్యూటీకి వెళ్ళకుండా రూములో కూర్చో. 2012 నవంబరు 26న చైనానుంచి వచ్చిన బస్సు డ్రైవర్లు 171 మంది, జీతాలు తక్కువని, రూములు బాగాలేవని అలాగే కూర్చున్నారు. సింగపూర్‌లో పాతికేళ్ళ తర్వాత జరిగిన సమ్మె అది. 29 మందిని వెనక్కి పంపారు, అయిదుగురిని జైల్లో పెట్టారు. రూముల గురించి వాళ్ళన్నది నిజమేనని కంపెనీ తర్వాత ఒప్పుకుంది. చూశావా, న్యాయం గెలిచింది! అయితే గెలిచేసరికి వాళ్ళలో కొంతమంది చైనాలో ఉన్నారు.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే ఏదో ఒక రోజు ఆఫీసుకి పిలుస్తారు. సర్వీసు 26 వారాలు నిండనివాడికి, కాంట్రాక్టులో వేరేగా రాసుకోకపోతే, ఒక్కరోజు నోటీసు చాలు. అప్పుడు నీ పౌరుషం చూపించు. వాళ్ళు తీసేసేలోపే “నేనే మానేస్తున్నా” అని రాసి మొహాన కొట్టు. ఏజెన్సీ ఫీజులో సగం వెనక్కి వచ్చే దారి కూడా ఆ ఒక్క వాక్యంతో మూసుకుపోతుంది, అన్నీ ఒకేసారి తేలిపోతాయి. ఇంకో ఓనరు దగ్గర చేరదామా అంటే పర్మిట్ రద్దు కాకముందే, అదీ పాత ఓనరు సరేనంటే, ఏమైనా కుదురుతుంది. మొహాన కాగితం కొట్టినవాడికి సరేనని ఎవడంటాడు?

తీసేసిన రోజునే జీతం లెక్క తేల్చాలి, కుదరకపోతే మూడు పనిదినాల్లో. టిక్కెట్టు ఓనరే కొనాలి. బకాయి పెడితే అర్జీ పెట్టుకోవడానికి టాడ్‌మ్ అని ఒక ఆఫీసుంది. మైగ్రంట్ వర్కర్స్ సెంటర్ ఉంది. టీడబ్ల్యూసీ2 అని ఇంకో సంస్థవాళ్ళు పనిపోయిన వాళ్ళకి లిటిల్ ఇండియాలో భోజనం కూడా పెడతారు. వీళ్ళెవరి దగ్గరికీ వెళ్ళకు. అందరూ మన భాష కానివాళ్ళు, ఏం చెప్పుకుంటాం? నేను తిన్నగా ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయాను. రెండు వారాల జీతం తర్వాత ఇంటికి పంపిస్తామన్నారు, సరేనన్నాను. ఉద్యోగం పోయిన ఆరు నెలల్లోపు అర్జీ పెట్టకపోతే ఆ ఆఫీసువాళ్ళు తీసుకోరని మొన్న ఎవరో అన్నారు. గడువు దాటిపోయింది. అయినా మాట ఇచ్చినవాళ్ళు పంపకుండా ఉంటారా? నువ్వు వెళ్ళాక వాళ్ళ ఆఫీసుకి ఒకసారి వెళ్ళి కనుక్కో. నా పేరు మాత్రం చెప్పకు.